కుళ్లుకుంటూనే పరుగు

నా చిన్నప్పుడు భిలాయిలో మా క్వార్టర్‌కి రెండే గదులు. అందులో ఒకదాన్ని ఇంకా పుట్టని తమ్ముడికోసం ఖాళీ చేయించింది మా అమ్మమ్మ. పురుడు పోయడానికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆవిడ, మనవడే పుడతాడని రైలు దిగుతూనే తేల్చేసింది. నాకెంతో ఇష్టమైన పసుపుపువ్వుల గౌను మెత్తగా ఉందని చింపి పొత్తిగుడ్డలు చేసింది. ఎనిమిదేళ్లుగా ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. ఆ తమ్ముడు పుట్టకముందే వాడంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు పొద్దున్నే అమ్మకి ఉమ్మనీరు పోయింది. నాన్న అప్పటికే ఉక్కు ప్లాంటులో డబుల్ షిఫ్టుకి వెళ్లిపోయాడు. పక్కింటి అక్కా మావైపు మనిషే, నర్సు. అమ్మ కాళ్ల వాపు చూసి, ఆస్పత్రికి రమ్మని ఆమె రెండుసార్లు పోట్లాడింది కూడా. పురుడొస్తే ముందు తనని పిలవమని నెలరోజులుగా చెబుతూనే ఉంది. మా అమ్మమ్మ మాత్రం తలుపు గడియ పెట్టి, నన్ను దగ్గరికి లాక్కుంది.

"నలుగురికీ తెలిస్తే నొప్పులు సాగిపోతాయే. ఎవులడిగినా సెప్పకు."

పురిటి నొప్పుల సంగతి ఎంతమందికి తెలిస్తే కాన్పు అంత ఆలస్యమవుతుందని మావైపు నమ్మేవారు. భిలాయి వచ్చినా ఆ నమ్మకం మాతోనే వచ్చింది.

కుళాయి దగ్గర అక్క కనబడి, అమ్మకెలా ఉందని అడిగింది. బాగుందన్నాను. అమ్మమ్మ మాట విన్నానని ఎవరైనా అనుకోవచ్చు, కానీ అది నిజం కాదు. అక్క వస్తే వాడు తొందరగా వచ్చేస్తాడు, రాకపోతే ఇంకాసేపు అమ్మ నాదే. బిందె పట్టుకుని నేను ఆలోచించింది అదీ. అక్క డ్యూటీకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అమ్మ అరుపులు వీధిలోకి వినబడుతున్నాయి. తలుపు బాది లోపలికి వచ్చింది. ఉమ్మనీరు పచ్చగా మారిపోయిందట. కాసేపటికే తమ్ముడు పుట్టాడు గాని ఏడవలేదు. ఒళ్లంతా నీలంగా, వేలాడిపోతూ ఉన్నాడు. అక్క వాడి నోరు తుడిచి, వీపు రుద్ది, నోట్లో నోరుపెట్టి ఊపిరి ఊదింది. చివరికి పిల్లికూనలా సన్నగా మూలిగాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. మూడోరోజు పోయాడు.

దిష్టి తగిలిందంది అమ్మమ్మ. ఆ దిష్టి ఎవరిదో నాకు తెలుసు. అన్నం సహించక, భయం దాచుకోలేక అక్క దగ్గరికి వెళ్లి, తమ్ముణ్ణి నేనే చంపానని చెప్పేశాను. కుళాయి దగ్గర చెప్పిన అబద్ధంతో సహా.

ఆమె దగ్గరికి తీసుకుని బుజ్జగిస్తుందనుకున్నాను.

"నీ కుళ్లుకి అంత బలం లేదే" అంది. "మీయమ్మకి రత్తం తక్కువ. కాళ్లు వాపు. నీళ్లు పోయినాక పొద్దల్లా ఇంట్లోనే ఉంచేరు. లోపల బిడ్డకి ఊపిరి అందలేదు. పొద్దున్నే నాకు తెలిస్తే ఆస్పత్రికి తీసుకుపోదును. అప్పుడైనా బతికేవోడో లేదో నేను సెప్పలేను. కానీ సెప్పాల కదేటి?"

నేను తల దించుకున్నాను. ఆమె నా గడ్డం పట్టి పైకెత్తింది.

"కుళ్లుకో, ఎవులొద్దన్నారు? కుళ్లుకుంటూనే పరిగెత్తుకొచ్చి సెప్పు."

రెండేళ్లకి అమ్మకి మళ్లీ నెలలు నిండాయి. ఆ రోజు నీళ్లు పోగానే అమ్మమ్మ వద్దంటున్నా గడియ తీసి పక్కింటికి పరిగెత్తాను. ప్రేమ పొంగి కాదు. ఆ నాలుగడుగులూ వాణ్ణి తిట్టుకుంటూనే పరిగెత్తాను. ఆస్పత్రిలో వాడు పుట్టగానే వార్డంతా అదిరేలా ఏడ్చాడు.

వాడికిప్పుడు అరవై దగ్గరపడ్డాయి. భిలాయిలోనే, స్మృతి నగర్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంటాడు. అమ్మ ఆఖరిదాకా వాడి దగ్గరే ఉంది. నేను పక్కన కూర్చున్నా వాడినే పిలిచేది. అందుకు ఇప్పటికీ వాడి మీద కుళ్లుకుంటాను, మొహమ్మీదే చెబుతాను. వాడు నవ్వేస్తాడు. మా వీధిలో ఎవరికి నెలలు నిండినా, పిలవకపోయినా వెళ్లి తలుపు కొడతాను. నోరూరుకోని ముసలిదంటారు, అననీ.

వీడి మీద కుళ్లుకోవడానికి నాకు ఇన్నేళ్లు దొరికాయి. ఆ మొదటివాడి మీద కుళ్లుకోవడానికి మూడు రోజులే దొరికాయి.