నాయిన రంగులు ఎంచిన స్వెటర్

నేను బి.ఎ. పాసై మేడ్చల్‌కు తిరిగి వచ్చేసరికి యుద్ధం సగంలో ఉంది. బి.ఎ. పాసైన ఆడపిల్లను ఏం చేసుకోవాలో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్ళు అందరూ మర్యాదగా దూరం నుంచే మాట్లాడారు. తర్వాత మిషన్ బడిలో మూడో తరగతి నాకు అప్పగించారు. దాంతో వాళ్ళ ఇబ్బందీ తీరింది, నాదీ తీరింది.

కాలేజీలో నేర్చుకున్న వాటిలో ఇంట్లో పనికొచ్చింది ఊలు అల్లిక ఒక్కటే. అది కూడా నాకు సరిగా రాలేదు. హాస్టల్ వార్డెనమ్మ కాగితం మీద రాసి ఇచ్చేది: ఇన్ని కుట్లు వెయ్యి, ఇన్ని వదులు, వెనక్కి తిరుగు. ఇరవై కుట్ల దాకా నేను బుద్ధిగానే వేసేదాన్ని. ఇరవై దాటాక ఏదో ఒక ఆలోచన వచ్చేది. మిగతా పిల్లల చేతుల్లో మఫ్లర్లు తయారవుతుంటే నా చేతిలో తాబేలు లాంటిది ఒకటి తయారయ్యేది. విప్పి మళ్ళీ వేసే ఓపిక లేక, దాని పక్కన ఇంకో రంగు ముక్క తగిలించేదాన్ని. ఆ ఓపికలేనితనమే కొన్నాళ్ళకు నా పద్ధతి అయి కూర్చుంది.

కొక్కెం సూదితో నడుమ నుంచి గుండ్రంగా మొదలుపెడతాను. దారం అయిపోయిన చోట రంగు మారుతుంది. రంగు మారిన చోట, నాకు తోస్తే, దిక్కు కూడా మారుతుంది. కొన్ని ముక్కలు రెండు సూదులతో అల్లేదాన్ని. ఆ సూదులు పాత గొడుగు ఊచలు, కొసలు బండకు రుద్ది నున్నగా చేసినవి. ముప్పై నలభై ముక్కలు పోగయ్యాక నాయిన ఖాకీ అంగీని కొలతకు చాప మీద పరిచి, దాని మీద ఈ ముక్కలను రాళ్ళగోడ కట్టినట్టు పేర్చి, సందుల్లో చిన్నవి ఇరికించి, అన్నీ కలిపి కుట్టేదాన్ని. ఏ రెండూ ఒక్క తీరుగా వచ్చేవి కావు. నేను రమ్మన్నా వచ్చేవి కావు.

కొత్త ఊలు దొరికే రోజులు కావవి. సికింద్రాబాద్ పాతబట్టల అంగళ్ళలో సోల్జర్లు వదిలేసిన స్వెటర్లు, దొరసానుల చిరిగిన శాలువలు కుప్పలు పోసి ఉండేవి. వాటిని తెచ్చి, విప్పి, ఉతికి, ఆరబెట్టి, ఉండలు చుట్టాలి. విప్పడం, చుట్టడం నాయిన పని. నాయిన మేడ్చల్ స్టేషన్‌లో పాయింట్స్‌మన్. వచ్చే బండికి పట్టాల దారి మార్చడం, జెండా ఊపడం ఆయన ఉద్యోగం. పొద్దంతా ఇనుప లీవర్లు గుంజిన చేతులు సాయంత్రం మా క్వార్టర్ అరుగు మీద కూర్చుని ఊలు చుట్టేవి. నోట్లో చుట్ట వెలుగుతూ ఉండేది. చుట్ట లేకుండా నాయిన మొహం నేను చర్చిలో మాత్రమే చూశాను. ఒక్కోసారి గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టేది.

ఇంట్లో మూడో మనిషి అవ్వ, నాయిన తల్లి. ఆమె కూడా చుట్ట తాగేది, నిప్పు నోట్లోకి పెట్టుకుని.

ఆ ఏడు వానలు వెనకబట్టాక నాయినకు ఒక స్వెటర్ మొదలుపెట్టాను. వేసుకునేది ఆయనే కాబట్టి రంగులు కూడా ఆయన్నే ఎంచమన్నాను. నాయిన ఏ పనైనా డ్యూటీ చేసినట్టే చేస్తాడు. బుట్ట ముందు పెట్టుకుని ఒక్కొక్క ఉండా తీసి, వెలుతురుకు పట్టి చూసి, "ఇగ గిది ఎయ్యి" అని అందించేవాడు. మండే ఎరుపు ఇచ్చాడు. దాని పక్కకు చిలకపచ్చ ఇచ్చాడు. మళ్ళీ ఎరుపు, మళ్ళీ పచ్చ. ఒకరి ఇష్టాల జోలికి పోకూడదని కాలేజీలో చదువుకుని వచ్చాను కనక నోరు మెదపకుండా అల్లాను.

రొమ్ము భాగం అయ్యాక నాయిన దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని చూశాడు. తృప్తి పడలేదు.

"అంత ఒక్క తీరుగనే ఉన్నది గద బిడ్డా. మట్టిరంగు పక్కకు మల్ల మట్టిరంగే. నడుమల ఇంకేదన్న ఎయ్యరాదు?"

"ఏది మట్టిరంగు?"

"గిది." ఎరుపు మీద వేలు పెట్టాడు. "గిది." పచ్చ మీద పెట్టాడు.

బియ్యం ఏరుతున్న అవ్వ తలెత్తింది. "నీ కండ్లల్ల మన్నువడ, గదేమో ఎర్రది, గిదేమో పచ్చది. గది సుత ఎర్కలేదా?"

అవ్వ తిడితే నాయిన ఎప్పుడూ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. చుట్ట ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకోలేదు. ఈ సంగతి ఆయనకు కొత్త కాదని అప్పుడు అర్థమైంది.

"ఎప్పటి సంది నాయినా?"

"ఎండకాలం సంది."

"మరి జెండాలు?"

"పచ్చ జెండ కొసకు ముడేసిన. పట్టుకుంటె చెయ్యికి తాకుతది." ముడి ఎంత ఉంటుందో వేళ్ళతో చూపించాడు. "సిగ్నల్ రెక్క లేసిందా వాలిందా కానొస్తనే ఉన్నది. ఇగ రంగుతోని ఏం పని?"

"రాత్రి దీపాలకు ఎట్ల ముడేస్తవ్?"

ఆరిన చుట్టను అరుగు అంచున పెట్టాడు.

"మన్మాడ్ బండిల ఎంతమంది ఉంటరు?"

మోకాళ్ళ మీది ముక్కను మడత పెట్టాడు. "మార్చిల కండ్ల పరీక్ష ఉన్నది, సికింద్రాబాద్‌ల. ఫెయిలైతె నౌకరి పోతది. ఇల్లు గూడ పోతది."

అది ఊరికే అన్న మాట కాదు. మా పక్క క్వార్టర్‌లో ఉన్న గేటుమన్ అంతకు ముందు సంవత్సరం అలాగే ఫెయిలయ్యాడు. నెల తిరగకుండానే సామాను బండికెత్తుకుని సూరారంలో బామ్మర్ది ఇంటికి పోయాడు. బామ్మర్ది ఎలాంటివాడో మాకు ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి, సాగనంపడానికి వెళ్ళిన వాళ్ళమెవరమూ ఏం మాట్లాడలేకపోయాం.

ఆ పరీక్ష దేనితో పెడతారో నాయిన చెప్పాడు. బల్ల మీద రంగురంగుల ఊలు ముక్కలు కుప్ప పోస్తారు. ఒకటి చేతికిచ్చి, దీని తీరువన్నీ ఏరమంటారు. అంతే. అంటే రైలు డాక్టరు దగ్గర ఉన్నది కూడా నా బుట్టలాంటిదే.

నేను టీచరును. బుట్ట నా దగ్గరుంది. ఐదు నెలల టైముంది. ఏ ఊలు గరుకు, ఏది మెత్తన అని వేళ్ళకు నేర్పించి ఆయన్ని పరీక్ష దాటించవచ్చన్న ఆలోచన నాకు రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది, ఒక పూటంతా ఉంది. మరుసటి పొద్దున బడికి పోతుంటే మన్మాడ్ బండి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది. ఒక కిటికీలో ఒకామె పిల్లకు జడ వేస్తోంది. బండి ఎక్కడికి పోతోందో ఆమెకు ధీమా ఉన్నట్టు కనిపించింది. నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి నాయినతో "జెండాలు వద్దు" అని రెండే మాటలు అన్నాను. ఆయన అప్పుడే బట్టలేసుకుని తయారై ఉన్నాడు, తనూ అదే అనుకుని. స్టేషన్ మాస్టరు దగ్గరికి పోయి నడుం నొప్పి అని చెప్పి, జెండాలు ఇంకొకరికి ఇచ్చేసి, గోదాంలో మూటల దగ్గర డ్యూటీ వేయించుకున్నాడు. నడుం నొప్పి లేదు. మూటలు మోశాక వచ్చింది.

బుధవారం బుధవారం శామీర్‌పేటలో మిషన్ డాక్టరమ్మ వచ్చి కూర్చునేది. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన, మొహమాటం తక్కువ. ఎడ్లబండి కట్టించుకుని ముగ్గురం పోయాం. అవ్వ ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు, వస్తానంది, వచ్చింది. ఊలు బుట్ట నా ఒళ్ళో ఉంది. డాక్టరమ్మ అందులోంచి నాలుగు ఉండలు తీసి అడిగింది, మూడు తప్పాడు. తర్వాత ఆయన వేళ్ళు చూసింది.

"రోజుకు ఎన్ని చుట్టలు కాలుస్తారు?"

"ఎన్ని ఉంటయమ్మా, రొండో మూడో."

"గంటకు," అంది అవ్వ.

డాక్టరమ్మ చెప్పింది: పొగాకు విషం కంటి నరానికి ఎక్కుతుంది, ఎక్కితే మొదట ఎరుపూ పచ్చా పోతాయి. పూర్తిగా మానేస్తే నాలుగైదు నెలల్లో చాలామందికి తిరిగి వస్తాయి, కొందరికి రావు. "మీకు వస్తాయని మాటివ్వలేను. ఒక్కటి కాల్చినా రావని మాత్రం మాటిస్తాను."

"మా అమ్మ నాకంటె జాస్తి తాగుతది. ఇంట్ల సూదిల దారం ఆమెనే ఎక్కిస్తది."

డాక్టరమ్మ అవ్వను కాసేపు చూసి, "ఆవిడ సంగతి నాకు తెలియదు," అంది.

తిరుగు దారిలో నాయిన నడుముకున్న చుట్టల కట్ట తీసి బండి తోలే అతనికి ఇవ్వబోయాడు. అది అతని దాకా పోలేదు. అవ్వ మధ్యలోనే అందుకుంది.

నోటి సంగతి ఏదో విధంగా గడిచింది. సోంపు, శనగలు, మా మీద అరుపులు. చేతుల సంగతే కష్టమైంది. ఇరవై ఏళ్ళు చుట్ట చుట్టి, కొరికి, వెలిగించి, దులిపిన చేతులు. ఊరికే జేబు తడుముకునేవి. మూడో రోజు కొక్కెం సూది వాటిలో పెట్టాను.

"గిది ఆడోళ్ళ పని గద."

"లీవరు గుంజుడు అనుకో. సన్న లీవరు."

అలాగే అనుకున్నాడు. మొదటి ముక్కలో ఎంత గట్టిగా బిగించాడంటే సూది మళ్ళీ లోపలికి పోలేదు, కత్తెరతో తీయాల్సి వచ్చింది. రెండో వారానికి చేయి వదులైంది. చెయ్యి జేబుకు పోయినప్పుడల్లా ఒక వరస, ఇదీ నియమం. రంగులు ఇప్పుడూ ఆయనవే. నేను సరిదిద్దలేదు, మొదట్లో ఎంచమన్నది నేనే కాబట్టి. అవ్వ గోడకు అవతల కూర్చుని తాగేది. గాలి ఇటు తిరిగిన సాయంత్రాలు నాయిన రెండు మూడు వరసలు ఎక్కువ అల్లేవాడు. ఆ ముక్కలన్నీ నేను స్వెటర్‌కే కలిపి కుట్టాను. డిసెంబరు మొదట్లో అది నడుము దాటింది. క్రిస్మస్ నాటికి మోకాళ్ళకు వచ్చింది. నాయిన ఎంత కష్టపడ్డాడో ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. చూస్తే తెలిసేది.

దాన్ని వేసుకుని గోదాంకు పోయిన మొదటి రోజే హమాలీ ఒకడు దారికి అడ్డం నిలబడ్డాడట. "మామా, ఆగాల్నా పోవాల్నా? నీ అంగి సూస్తె సమజైతలేదు."

"మట్టిరంగు సెటర్ ఎన్నడు సూడలేదార? పక్కకు జరుగు."

ఇంటికొచ్చి నాతో అన్నాడు, "మీకెట్ల కానొస్తదో నాకెందుకు. నాకు మట్టిరంగు. మర్యాదైన రంగు." క్రిస్మస్ ఆరాధనకు కూడా అదే వేసుకుని మొదటి బెంచీలో కూర్చున్నాడు. పాస్టరుగారు ఎప్పుడూ మనుషుల మొహాలు చూసి ప్రసంగం చెప్తారు. ఆ రోజు కాగితం చూసి చదివారు.

జనవరి పోయింది. బుట్టలోంచి ఉండలు తీసి అడగడం నేను మానుకున్నాను. అడిగినప్పుడల్లా ఆయన తప్పు చెప్పి, తప్పని నా మొహంలో చూసుకుని, ఆ సాయంత్రమంతా సూదితో యుద్ధం చేసేవాడు. పరీక్షకు నెల ఉందనగా అవ్వ ఏమీ అనకుండా అటక మీది ట్రంకు పెట్టె దించి దుమ్ము దులిపింది. సామాను సర్దడానికని ఎవరూ పైకి అనలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున. చలి తగ్గలేదు. నేను బడికి టిఫిన్ కట్టుకుంటున్నాను. నాయిన స్వెటర్ చంకన పెట్టుకుని గడప దాటి, ఎండలో నిలబడి తలకు దూర్చుకోబోయాడు. దూర్చుకోలేదు. రెండు చేతులా దాన్ని ముందుకు చాచి పట్టుకున్నాడు.

"గిదేంది బిడ్డా?"

"నీ సెటర్."

"గీ రంగులు ఎవరు పెట్టిండ్రు?"

"నువ్వే."

దాన్ని తిప్పి వెనక వైపు చూశాడు. వెనక వైపు ఇంకొంచెం దారుణంగా ఉంటుంది. రొమ్ము దగ్గర ముక్క మీద వేలు పెట్టి, "గిది ఎర్ర" అన్నాడు. పక్కకు జరిపాడు. "గిది... పచ్చ." గొంతులో అనుమానం ఉంది, కానీ వేలు నిలబడ్డ చోటు సరైనది.

"క్రిస్మస్ నాడు గిదే ఏసుకున్ననా?"

"గిదే."

"చర్చికి?"

"చర్చికే. ముందటి బెంచీల."

నాయిన అరుగు మీద కూలబడ్డాడు. "ఒక్కరన్న చెప్పలేదేందే!"

"చెప్పిండ్రు. నువ్వు పక్కకు జరుగుమన్నవ్."

గోడ అవతల నుంచి అవ్వ నవ్వు మొదలై దగ్గులోకి మారి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. నాకూ నవ్వు రావలసింది. నేను లోపలికి పోయి గొట్టం తీసుకుని పొయ్యి ఊదాను. పొయ్యి అప్పటికే బాగా మండుతోంది.

మార్చిలో సికింద్రాబాద్ పోయి వచ్చాడు. ఆ రోజు బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పించాను, ఎవరేం చెప్పారో నాకు తెలియదు. సాయంత్రం బండి దిగి, నెమ్మదిగా నడిచి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాక గాని నోరు విప్పలేదు.

"పాసైన. వాళ్ళ ఊలు మంచిగ లేదు. పురుగు వట్టింది. గట్ల పెడ్తె మంచి కండ్లున్నోడు సుత ఫెయిలైతడు."

అవ్వ ట్రంకు పెట్టె మళ్ళీ అటక ఎక్కించమంది. ఆయనే ఎక్కించాడు. స్వెటర్ విప్పేస్తానన్నాను గాని ఒప్పుకోలేదు. ఖాకీ కోటు లోపల, గుండీలు మెడ దాకా పెట్టి, ఎవరికీ కనబడకుండా ఇంకా చాలా చలికాలాలు వేసుకున్నాడు. కింద మోకాళ్ళ దగ్గర మాత్రం కొంచెం కనబడేది. దానికి ఎవరమూ ఏం చేయలేకపోయాం.

జెండాలు తిరిగి చేతికి వచ్చిన రోజు పచ్చదాన్ని ఉతకడానికి ఇంటికి తెచ్చాడు. కొసన ముడి అలాగే ఉంది, చేతి చెమటకు నల్లబడి. విప్పమంటావా అని అడిగాను.

కళ్ళు మూసుకుని ముడిని వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత కళ్ళు తెరిచి జెండా చూశాడు.

"ఉండనియ్. గదేమన్న బరువా?"