ముసలమ్మ పలికింది

ఆ రోజుల్లో యానాంలో నీళ్లలో మునిగి పనిచేసేవాడంటే మా మావయ్య ఒక్కడే. రెండోవాణ్ణి నేనేనని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. (నిజానికి అప్పటికి నేను ఒంటరిగా పీకల్లోతు దాటి దిగిందే లేదు.) గోదావరిలో పడిపోయిన పడవ ఇంజన్లూ తెగిన లంగర్లూ వెతికి పైకి తేవడం మా పని. వీపుకి కట్టుకునే గాలి సిలిండర్లు ఎవరో వాడి వదిలేసిన పాత ఉక్కువి. అన్నిటికన్నా పాతదాన్ని మావయ్య 'ముసలమ్మ' అనేవాడు. సిలిండరు మంచిదో కాదో తేల్చడానికి ఆయన స్పానర్‌తో ఒక్కటిచ్చి, కళ్లు మూసుకుని వినేవాడు. చర్చి గంటలా ఖంగుమని మోత సాగితే "పలికిందిరోయ్" అనేవాడు, ఇక దానికి తిరుగులేదు. పుచ్చకాయలు కూడా అలాగే కొట్టి చూసి కొనేవాడు. (ఇంటికొచ్చి కోస్తే తెల్లగా ఉండేవి, అది వేరే సంగతి.)

వానలు వెనకబట్టాక కనకాలపేట దగ్గర ఒక పడవ మునిగింది. ఇంజను కోసం మొదటిసారి నేనొక్కణ్ణే అడుగుదాకా దిగాలి. వానలకి చాలా ముందే నింపి రేకుల షెడ్డులో పడుకోబెట్టిన ముసలమ్మ నా వంతుకొచ్చింది. మీటరు నిండుగా చూపించింది. మావయ్య కొట్టాడు. ఖంగుమన్న ఆ మోత ఆగాక కూడా నా పళ్లలో ఉండిపోయింది. ఎత్తబోయి కాస్త వంచాను. లోపల ఎవరో గుసగుసలాడారు. నిలబెడితే ఆగింది, వంచితే మళ్లీ మొదలైంది. టీ తెచ్చిన అత్త దానికి చెవి ఆనించి, "లోపలెవరో జపమాల చెప్పుకుంటన్నట్టుందయ్యా" అంటూ సిలువ గుర్తు వేసుకుంది. మిట్టమధ్యాహ్నం రేకుల కింద ఉడికిపోతున్నా నా వీపు మాత్రం చల్లబడింది.

"మావయ్యా, కడుపులో నొప్పిగా ఉందండీ."

"నీళ్లలో దిగితే అదే సర్దుకుంటాదిలేరా అల్లుడూ!"

కడుపునొప్పి పనిచేయలేదు. "పాత నూతిలోకి దిగేముందు దీపం దింపి చూస్తారు గదండీ, దీని గాలి కూడా అలా చూద్దారండీ" అన్నాను. దీపం ఆరుతుందని కాదు, ఆ హడావిడిలో పొద్దుగూకితే పని రేపటికి పోతుందని.

మావయ్య నవ్వుకుంటూనే సిలిండరు గొట్టం బిందెలో పెట్టి, నెమ్మదిగా గాలి నింపి, గొట్టం తీసేసి పళ్లెం మూశాడు. అత్త మరియమాత పటం ముందున్న కొవ్వొత్తి ముక్కని తీగకి గుచ్చి వెలిగించి ఇచ్చింది. పళ్లెం జరిపి దింపాను. బిందె మెడ దాటిందో లేదో, ఆరిపోయింది. రెపరెపలాడలేదు, ఎవరో వేళ్లతో నులిమినట్టు ఆరింది.

"గాలికి ఆరిందెహె!" అని మళ్లీ నింపి, ఈసారి తనే దింపాడు మావయ్య. మళ్లీ అంతే. ముందురోజు నింపిన ఇంకో సిలిండరు గాలి పట్టి చూస్తే అదే కొవ్వొత్తి నిమ్మళంగా వెలిగింది.

మావయ్య ముసలమ్మలోని గాలంతా వదిలేసి, మూత విప్పి టార్చి వేశాడు. లోపలంతా ఎర్రటి తుప్పు, అడుగున కాసిని నీళ్లు. జపం చేసింది ఆ రాలిన పెచ్చులే. తడి ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ప్రాణవాయువుని తినేస్తుందని నాకు తరవాతెప్పుడో తెలిసింది. ఆ గాలి పీలిస్తే ఉక్కిరిబిక్కిరి కూడా అవ్వమట, మెల్లిగా నిద్ర పట్టేస్తుందట. మావయ్య స్పానర్ ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. "పలికింది గదరా..." అన్నాడు. ఆ గొంతు తలచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

ఇప్పుడు నా సిలిండర్లన్నీ నీటి ఒత్తిడితో పరీక్ష చేయిస్తాను, మూత తీయించి దీపం వేసి లోపల చూస్తాను. అయినా దిగేముందు ఒక్కసారి వంచి, చెవి ఆనిస్తాను. మా కుర్రాళ్లు చాటున నవ్వుకుంటారు. లోపల ఏమీ వినిపించదు. వినిపించేదల్లా కడుపులో నొప్పిగా ఉందండీ అంటున్న ఆ పిరికి వెధవ గొంతే. వాడు ఆరోజు దిగకుండా దాచిన ఊపిరినే నేనింకా పీలుస్తున్నాను.