జగ్గమ్మ పథ్యం, గేదె భాగ్యం

చీపురుపల్లి పక్కనున్న ఆ ఊళ్లో ఎవరింట కాన్పు జరిగినా పథ్యం సంగతి జగ్గమ్మని అడగాల్సిందే. అడగకపోయినా తనే వెళ్లి చెబుతుంది. బాలింతకి మూడు నెలలు పప్పు వద్దు, కూర వద్దు, చేప వాసనైనా తగలకూడదు. పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి చుక్క, అంతే. ఎందుకని అడిగిన వాళ్లకి ఆవిడ దగ్గర ఒకటే జవాబు, మా అత్త చెప్పింది అని.

ఆ బియ్యమైనా మామూలువి కావు. ఆమదాలవలస మిల్లులో రెండుసార్లు పాలిష్ పట్టించిన మల్లెపువ్వులు. వాటిని నీళ్లు తేటపడేదాకా కడిగి, ఉడికాక గంజి చుక్క మిగలకుండా వార్చేది. తవుడు, కడుగునీళ్లు, గంజి అన్నీ గేదె కుడితి తొట్టిలోకి పోయేవి. గేదె ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటే, అదంతా తన చేతి చలవేనని జగ్గమ్మ మురిసిపోయేది.

కూతురు సుహాసిని పురిటికి వచ్చి మగబిడ్డని కన్నాక ఈ విద్యంతా ఆమె మీద ప్రయోగించింది. నెల తిరిగేసరికి సుహాసినికి అరికాళ్లు తిమ్మిరెక్కాయి. పచ్చి ఒళ్లు కదా, అలాగే ఉంటుందంది తల్లి. రెండో నెలలో ఒక్క ముద్ద పప్పు పెట్టమని బతిమాలితే చీవాట్లు పెట్టింది. మూడో నెలలో బిడ్డ పాలు కక్కడం మొదలెట్టాడు. బుగ్గలు ఉబ్బాయి. మనవడు బొద్దుగా తయారయ్యాడని జగ్గమ్మ దిష్టిచుక్క ఇంకాస్త పెద్దది చేసింది. మర్నాడు వాడు ఆయాసపడుతూ నోరు తెరిచి ఏడుస్తుంటే గొంతులోంచి శబ్దం రాలేదు.

ఆ మూగ ఏడుపు జగ్గమ్మకి తెలుసు. ముప్పై ఏళ్ల కిందట తన మొదటి కొడుకు మూడో నెలలో ఇలాగే ఏడ్చి, రెండో రోజుకి పోయాడు. అంతకు వారం ముందు, తనని అక్కలా అప్పా అని పిలిచే తోడికోడలు గురమ్మ వాణ్ణి ఎత్తుకుని, ఎంత బొద్దుగా ఉన్నాడో అంది. ఆ మాటే పిల్లాణ్ణి మింగిందని జగ్గమ్మ ఊరంతా చాటింది. ఉమ్మడి వాకిట్లో అడ్డంగా గోడ కట్టించింది. ఆనాటి నుంచి గురమ్మని పేరంటానికి పిలిచిన ఇల్లు లేదు.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు, ఈసారీ ఎండుమిరపకాయలతో దిష్టి తీయబోయింది. సుహాసిని వినకుండా బిడ్డని ఎత్తుకుని ఆటో ఎక్కింది. జగ్గమ్మా ఎక్కక తప్పలేదు.

విజయనగరంలో పిల్లల డాక్టరు విశాలి బిడ్డని చూసి, తల్లి ఏం తింటోందని అడిగింది. జగ్గమ్మ గొప్పగా అంతా ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ వెంటనే సూదిమందు వేయించింది. సాయంత్రానికి బిడ్డ ఆయాసం తగ్గింది. మర్నాటికి కీచుమంటూ ఏడుపు వినిపించింది.

అప్పుడు చెప్పింది డాక్టరమ్మ. తిన్నది శక్తిగా మారాలన్నా, గుండె, నరాలు సరిగా పనిచేయాలన్నా బి విటమిన్లు కావాలి. వాటిలో బి-వన్ అనేది బియ్యపు పైపొరలో, పప్పుల్లో ఉంటుంది. తల్లి తింటేనే పాలలోకి దిగుతుంది. బిడ్డకి వేసిన సూదిమందూ అదే. నూట ముప్పై ఏళ్ల కిందట జావాలో ఒక డచ్చి డాక్టరు, తెల్లన్నం తిన్న కోళ్లకి కాళ్లు పడిపోవడం, పాలిష్ పట్టని బియ్యం వేస్తే అవే లేచి తిరగడం చూశాడు. ఆ పైపొరలో ఏముందో తర్వాతి వాళ్లు తేల్చారు. కోళ్లకి తెలిసొచ్చిన సంగతి జగ్గమ్మ వంటింటికి చేరడానికి ఇన్నేళ్లు పట్టింది.

"ఆ బలమంతా ఏం చేశావమ్మా?" అంది డాక్టరమ్మ.

"గేదెకి పోసినాను." ఆ వెంటనే, "గొంతు పోడం కూడా దీనివల్లేనా?" అని అడిగింది జగ్గమ్మ.

"దీనివల్లే. ఒళ్లు కూడా ఉబ్బుతుంది. చూసేవాళ్లకి బొద్దుగా కనిపిస్తుంది."

మరి తర్వాత పుట్టిన సుహాసిని పసితనంలో ఎలా బతికిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కాన్పు నాటికి అత్త బతికి లేదు. పథ్యం చేసిపెట్టే దిక్కులేక, జగ్గమ్మ పొలం కూలీలతో పాటే రాగిపిండితో కాచిన చోడంబలి తాగింది, పప్పన్నం తింది. కూతురు సన్నగా ఉందంటే ఆ పథ్యం లోపమేనని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చింది. తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఊరు చేరగానే బిడ్డని ఎత్తుకుని, గోడ చుట్టూ తిరిగి గురమ్మ గుమ్మం ముందుకి వెళ్లింది. గురమ్మ చోళ్లు చెరుగుతోంది.

"గురమ్మా, నీ కళ్లు కాదే. నా పథ్యమే సంపేసినాది ఆణ్ణి," అంటూ మనవణ్ణి అందించబోయింది.

గురమ్మ చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని ముందుకి చాచింది. అంతలోనే వెనక్కి తీసుకుని కొంగు కింద దాచుకుంది.

"ముప్పై ఏళ్లయినాది అప్పా, నేను పసిబిడ్డని ముట్టుకుని. నువ్విస్తే వొద్దు. ఆడి తల్లొచ్చి ఇస్తే ఎత్తుకుంతాను."

జగ్గమ్మ బిడ్డని భుజాన వేసుకుంది. మళ్లీ ఆ గోడ చుట్టూ తిరిగి, కూతుర్ని పిలుచుకురావడానికి వెళ్లింది.