పెండ్లి చీరలకు పోతూ పెనుకొండలో ఆగిన రోజు

మా హిందూపురంలో మనిషి మీద ప్రేమ పొంగితే ఫ్లెక్సీ వేయిస్తారు. పుట్టినరోజుకొకటి, పదవికొకటి, పోయినవాళ్ళకొకటి. ప్రేమను నోటితో చెప్పడం మావాళ్ళకు చేతకాదు, సర్కిల్లో కరెంటు స్తంభానికి కట్టి చూపిస్తారు. నాకు ఈ అలవాటు మొదటినుంచీ చిరాకే. అది మా మేడం ప్రాణం మీదికి తెచ్చాక మరీ చిరాకు.

మేడం అంటే మా మిద్దె మీది గదిలో అద్దెకున్న మనిషి. ఆమె పేరు రాయను, ఏ దేశమో కూడా రాయను. ఆమెవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. అక్కడ ఆమె లాయరు. మిలిటరీవాళ్ళు ఇళ్ళలోంచి పట్టుకుపోయిన మనుషులు ఏమయ్యారని కోర్టుల్లో అడగడమే ఆమె చేసిన నేరం. ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళు కొందరు జైల్లోనే పోయారు. ఆమె ఎలాగో సరిహద్దు దాటి బయటపడింది. బెంగళూరులో అద్దెలు భరించలేక, రైలుకు దగ్గరని మా ఊరు చేరింది. వాళ్ళ ప్రభుత్వం ఆమె పాస్‌పోర్టు రద్దు చేసింది. ఆశ్రయం కోసం పెట్టుకున్న అర్జీ తేలలేదు. కాగితాల లెక్కన ఆమె ఎక్కడా ఉండకూడని మనిషి.

ఆ రోజులు తలుచుకుంటే నా మనసు ఇప్పటికీ మెత్తబడుతుంది. నేను కింద ముందుగదిలో జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఆమె పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దిగి వచ్చి, నా పక్కన కూర్చుని హుక్కులు కుట్టేది. ఆమె కుట్టిన హుక్కులు నాలుగు రోజులకే ఊడేవి. ఆమె పైకి పోయాక విప్పి మళ్ళీ కుట్టేదాన్ని, చెప్పేదాన్ని కాదు. మొదటిసారి బొరుగుల ఉగ్గాని పెడితే చక్కెర అడిగింది. మా అత్త ఆ సంగతి వీధంతా చెప్పి నవ్వింది. కూరగాయల బండి దగ్గర సగం తెలుగు, సగం కన్నడం కలిపి బేరమాడేది. బండివాడు రెండు భాషల్లోనూ ధర తగ్గించేవాడు కాదు.

సాయంత్రాలు మా వీధి ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఒక్కటే మాట అడిగేది, ఫోటో మాత్రం తీయొద్దని.

మా పక్కింటాయన పట్టుగూళ్ళ మార్కెట్లో దళారీ. ఆయన కూతురు ఇంగ్లీషులో తప్పుతూ తప్పుతూ వచ్చి, మేడం చేతిలో పడ్డాక డిగ్రీ గట్టెక్కింది, ఉద్యోగం తెచ్చుకుంది, పెండ్లి కూడా కుదిరింది. ఆ సంతోషం ఆయన కడుపులో పట్టలేదు. మేడం పుట్టినరోజని ఎవరో చెబితే, పిల్లలు దొంగతనంగా తీసిన ఫోటో ఒకటి సంపాదించి, నిలువెత్తు ఫ్లెక్సీ వేయించాడు. 'మా పిల్లల భవిష్యత్తును తీర్చిదిద్దిన మా మేడం గారికి' అని పెద్దక్షరాలు. పక్కన చేతులు జోడించి ఆయన. చూపించాలని ఆమెను సర్కిల్ దాకా నడిపించుకుపోయాడు కూడా. ఆమె అక్కడినుంచి నేరుగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నేను కత్తెర తీసుకుపోయి ఆ తాళ్ళు కోసేసరికి ఫోటో సగం ఊరి వాట్సాప్‌లలో తిరుగుతోంది.

ఎవరి ఫోన్లోంచి ఎవరి ఫోన్లోకి పోయిందో, వాళ్ళ దేశంవాళ్ళ కంట పడింది. కొన్ని వారాలకు పెనుకొండ పోలీసు ఆఫీసులో విచారణకు రావాలని ఆమెకు నోటీసు వచ్చింది. బెంగళూరులో ఆమె తరఫు లాయరమ్మ ఫోనులో నాకూ అర్థమయ్యేటట్టు విడమరిచి చెప్పింది. ఆమెను వెనక్కు పంపమని పైనుంచి ఉత్తరువు రావచ్చు. అది ముందొస్తే అటునుంచి అటే విమానం ఎక్కిస్తారు, దిగిన చోట జైలే. తాను హైకోర్టులో అడిగిన స్టే ముందొస్తే ఆమె ఇక్కడే ఉంటుంది. దాక్కోవద్దు, దాక్కుంటే తప్పు చేసినట్టవుతుంది. విచారణకు పోవాలి, కానీ ఒంటరిగా పోకూడదు. స్టే వచ్చేదాకా ఆమె మీ కళ్ళముందే ఉండాలి అని చెప్పింది.

పక్కింటాయన మా వాకిట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను, ఇంకా తిట్టేదాన్నే, మేడమే నా చేయి పట్టుకుని ఆపింది. కాసేపటికి ఆయనే తలెత్తాడు.

"అక్కా, పాప పెండ్లికి చీరలు తెచ్చేది ఉండాది గదా. ఆ పొద్దే ధర్మవరం పోదాం. అందరం పోదాం. పెనుకొండ దోవలోనే గదా ఉండేది."

మా వైపు పెండ్లి చీరలంటే ఒకరిద్దరు పోయి తెచ్చే పని కాదు. పిన్నమ్మలు, మేనత్తలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు, అందరూ బండెక్కాల్సిందే. ధర్మవరంలో నేసేవాళ్ళ ఇంట్లో చాప మీద ఒకసారి కూర్చున్నారంటే, ఉన్న చీరలన్నీ విప్పించి, నచ్చిందాన్ని నచ్చలేదని చెప్పి, పొద్దుగూకేదాకా లేవరు. ఎదుటివాడికి ఓపిక చావాలే తప్ప వీళ్ళకు చావదు. ఆ రోజు ఆ విద్య పెనుకొండలో పనికొచ్చింది.

టెంపో నిండా ఆడవాళ్ళతో పోయి ఆ ఆఫీసు ముందు దిగాము. మేడంను లోపలికి పిలిచారు. మేము వరండాలో చాపలు పరుచుకున్నాము. ఆఫీసరు బయటికొచ్చి చూసి నివ్వెరపోయాడు.

"ఇంతమంది ఎందుకొచ్చినారమ్మా?"

"మేము విచారణకు రాలేదు సార్," అంది మా అత్త. "చీరలకు పోతాండాం. చీర ఎంచేది ఆ మేడమే. ఆమె పని అయిపోతే పిలుచుకొని పోతాం."

"ఎంతసేపయితుందో చెప్పలేను."

"కానీలే సార్. ఆడ కూర్చునేది ఈడ కూర్చుంటాం."

ఆయన లోపలికి పోయాడు. చెడ్డమనిషి కాదు, పైవాళ్ళ మాట వినక తప్పని మనిషి. మావాళ్ళు చిత్రాన్నం డబ్బాలు విప్పారు. డ్యూటీలో ఉన్న లేడీ కానిస్టేబులుకు పెట్టారు, ఆమె పుట్టినూరు ఆరా తీశారు. మాలో ఇద్దరు మాత్రం మేడం కనిపించే కిటికీ దగ్గరనుంచి కదల్లేదు.

మధ్యాహ్నం దాటాక ఒక జీపు వచ్చి వాకిట్లో ఆగింది. మా అత్త డ్రైవరును పలకరించింది. "యాడికి నాయనా, జీపు?"

"బెంగళూరుకు, అవ్వా."

విమానం ఎక్కించేది అక్కడే. అంతవరకూ కబుర్లాడుతున్న ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, ఎవరూ దారి ఇవ్వలేదు. పక్కింటాయన జీపు ముందర నిలబడి ఊరికే బీడీ తాగుతున్నాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. నా ఫోను మోగింది. స్టే వచ్చిందని లాయరమ్మ చెప్పింది. ఆ కాపీ ఆఫీసుకు చేరేదాకా మాకు నమ్మకం కలగలేదు. ఆఫీసరు దాన్ని నిదానంగా చదివి, డ్రైవరును పొమ్మన్నాడు.

"పిలుచుకొని పోండమ్మా. వారం వారం వచ్చి సంతకం పెట్టల్ల."

టెంపోలో మావాళ్ళ సంబరం చెప్పతరం కాదు. "ఇంక నిన్ను మీ ఊరికి పంపరు మేడం," అని ఒకరి తర్వాత ఒకరు ఆమె బుగ్గలు పట్టుకుని చెప్పారు. ఆమె అందరికీ తల ఊపింది.

ధర్మవరం చేరేసరికి ఎండ తగ్గింది. పక్క గదిలో మగ్గం ఆడుతోంది. పెండ్లికూతురి చీరలు ఎంచడంలో మావాళ్ళు మునిగిపోయారు. మేడం ఒక మూల కూర్చుని, చాలాసేపటికి ఆ కుప్పలోంచి సన్నంచు ఆకుపచ్చ చీర ఒకటి లాగింది.

"నీకు బాగుంటాది," అంది పెండ్లికూతురి తల్లి.

"నాకు కాదు. మా అమ్మకు. ఈ రంగే కడతాది."

నాకు చేతనైన మాట అన్నాను. "కొలత చెప్పు, జాకెట్టు నేను కుడతా."

ఆమె రెండు చేతులూ చాపి తల్లి వీపు ఎంత ఉంటుందో చూపించింది, కౌగిలించుకున్నప్పుడు తెలిసే కొలత అది. తర్వాత చేతులు కొంచెం దగ్గరికి జరిపింది. ఇంకొంచెం జరిపింది.

"ఇప్పుడు ఎట్లుండాదో తెలీదు అక్కా," అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

పొద్దున్నుంచీ మేము కాపు కాసింది ఆమెను వాళ్ళ ఊరికి పంపకుండా ఉండాలని. ఈ లోకంలో ఆ ఊరికి పోవాలని ఆమెకున్నంత ఆశ ఇంకెవరికీ లేదు. ఆ సంగతి అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు.

జాకెట్టు కుట్టాను. లావైనా, చిక్కినా విప్పి సరిచేసుకునేటట్టు కుట్టు లోపల గుడ్డ ఎక్కువే వదిలాను. మరుసటేడు వేరే దేశం ఆశ్రయమిస్తే చీరతోబాటు పెట్టెలో సర్దుకుని పోయింది. మొన్న ఫోను చేసినప్పుడు అది అమ్మకు చేరిందా అని అడిగాను. ఆ జాకెట్టు ఇంకా ఆమె దగ్గరే ఉందట.