మల్లేశం రొట్టెలు, వాళ్లవ్వ అన్నం

కరోనా తగ్గిన తర్వాతి ఏడు. కరీంనగర్‌ల రోడ్డు పక్కన నా పొయ్యి. మా ఆయన పోయినప్పటి సంది జొన్నరొట్టెలే నా బతుకుదెరువు. ఉడుకు నీళ్లతోని పిండి పిసికి, చేత్తోని కొట్టి, పెనం మీద వేసి తడిబట్టతోని అద్దుడు. గంతే పని. ఎన్కట బియ్యం లేనోళ్లు తినేటియి. ఇప్పుడు కార్లల్ల వచ్చి కొంటున్నరు, పొట్టలున్న మొగోళ్లే ఎక్కువ. నాకైతే సమజ్ గాలే.

వాళ్లల్ల మల్లేశం ఒకడు. నలభై దాటలే. దుబాయ్‌ల లారీ నడుపుతడు, సెలవు మీద వచ్చిండు. మళ్ల పోవాల్నంటే మెడికల్, అంటే ఒంటికి చేసే పరీక్ష, పాస్ గావాలె. బీపీ ఎక్కువున్నదని ఆపిండ్రు. బరువు దించుకొని రెండు నెలలకు రమ్మన్నరట. నౌకరి పోతదని పరేషాన్ల ఉన్నడు. దినాం పొద్దుమీకి నా ముంగటనే కూసుండి మూడు రొట్టెలు తినేటోడు.

నెల తిరిగింది. ఒకనాడు అందరు ఇనంగ అన్నడు, "పెద్దమ్మా, పిండిల బియ్యప్పిండి కలుపుతున్నవా? మూడు కిలోలు పెరిగిన."

నాకు కోపమొచ్చింది. "నా పిండి సంగతి తర్వాత. ఇంటికి పోయి ఏం తింటవ్?"

"అన్నం."

"రొట్టెలు తిన్నంక గూడనా?"

"రొట్టె మందు గద పెద్దమ్మా. మందు తిన్నంక అన్నం తినరా? డాక్టర్ రొట్టె తినుమన్నడు, తింటున్న. అన్నం బంద్ వెట్టుమని ఎవలు చెప్పిండ్రు?"

పక్కన తింటున్న ఆటో ఆయన, "మందు మంచిగనే పట్టింది అన్నా" అన్నడు.

నేనే చెప్పిన, రొట్టె తిన్న పూట అన్నం ముట్టద్దని. ఇన్నడు. ఇరవై దినాలకు వాళ్లవ్వ నా పొయ్యి కాడికొచ్చింది. నా ఈడుదే.

"నా కొడుకు నోటికాడి బువ్వ తీసినవ్. దుబాయ్ పోయినోడు గిట్ల చిక్కిండేంది, రోగమా అని వాడకట్టంత అడుగుతున్నరు."

"బీపీ తగ్గాలె గద అక్కా."

"గీ రొట్టెలు తినలేకనే గద చెల్లె, వాన్ని దుబాయ్ తోలినం."

పెండ్లైన పదేండ్లకు గని నేను గూడ కడుపునిండ అన్నం జూడలే. ఆమె మాట తప్పనలేను, డాక్టర్ మాట తప్పనలేను. పెనం మీది రొట్టె మాడిపోయింది, సూసుకోలే.

మల్లేశం మెడికల్ పాసయ్యి దుబాయ్ పోయిండు. వాళ్లవ్వ నాతోని మాట్లాడది. మంచి చేసిన్నో చెడు చేసిన్నో ఇప్పటికీ తెల్వది. ఒక్కటి మాత్రం నేర్సుకున్న. ఎవలన్న పొట్ట తగ్గాల్నని రొట్టెకొస్తే, "ఇంట్ల అన్నం వడ్డించేదెవరు? ముందుగాల ఆమెను తోల్కరా" అంట.

ఇప్పటిదాక ఒక్కలు గూడ తోల్కరాలే.