గురక ఆగిన మధ్యాహ్నం

నా భార్య హుస్సేన్‌బీ పోయి ఏడు నెలలైంది. ఆమె పరుగెత్తడం నేను ఒక్కసారే చూశాను. సౌదీలోని ఉనైజా ఊళ్లో, మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేకుండా.

రాయచోటి నుంచి ఇద్దరం ఒకే ఇంటి వీసా మీద వచ్చాం. నేను డ్రైవర్ని. ఆమె ఆ ఇంటి బిడ్డ, నాలుగేళ్ల నూరాను చూసుకునేది. అరుదైన జన్యులోపంతో పుట్టడం వల్ల నూరా ముఖం ఎముకలు సరిగా ఎదగలేదు, గాలి దారి ఇరుకు. పడుకుంటే పెద్ద గురక. గురక ఆగిందంటే ఊపిరి ఆగినట్టే. హుస్సేన్‌బీ చటుక్కున పాపను పక్కకు తిప్పేది. రెండేళ్లు చెవులు ఆ గురకకే అప్పగించి బతికింది.

టాన్సిల్స్ తీసినా గుణం కనబడలేదు. డాక్టర్ ముక్కుకు పెట్టే మాస్కు, గాలి ఊదే మిషను ఇచ్చాడు. నెలలోపు అలవాటు కాకపోతే గొంతుకు రంధ్రం పెట్టాల్సిందే అన్నాడు. నూరా మాస్కు కనబడితే విసిరికొట్టేది. ఇరవై రోజులు అట్లాగే పోయాయి.

అమ్మలాగా ముఖం కప్పే నికాబ్ కట్టి బజారుకు పోవాలని నూరాకు మహా ఆశ. అది హుస్సేన్‌బీకి తట్టింది. తను నికాబ్ కట్టుకుని, "ఇది నీ నికాబ్. రా, ఖర్జూరాల బజారుకు పోదాం" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పి పాపకు మాస్కు తొడిగింది. గదంతా బజారు. బేరాలాడి అలసిపోయి నూరా మంచమెక్కింది. హుస్సేన్‌బీ మిషను తగిలించగానే నిద్రపోయింది.

కాసేపటికే హుస్సేన్‌బీ మాస్కు పీకేసి, పాపనెత్తుకుని వాకిట్లోకి దూసుకొచ్చింది.

"బండి తియ్యయ్యా. గురక నిలిచిపోయింది."

గేటు దాటకముందే నూరా వీధి వినబడేట్టు ఏడుపందుకుంది.

"ఏమే, ఊపిరి లేనోళ్లు ఇంత గట్టిగా ఏడుస్తారా?"

హుస్సేన్‌బీ పాప ముఖం తడిమింది. "మరి గురక యాడికి పోయిందయ్యా?"

వెనకే పరుగెత్తుకొచ్చిన మేడమ్, నూరా వాళ్లమ్మ, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. మాస్కు పనిచేస్తే గురక ఉండదని డాక్టర్ చెప్పిన మాట మేమెవ్వరం గుర్తుపెట్టుకోలేదు.

మర్నాడు మళ్లీ బజారు. నూరా పడుకుంది. గదిలో చప్పుడు లేదు. కిటికీ అవతల నుంచి చూస్తే హుస్సేన్‌బీ చెయ్యి పాప పొట్ట మీద ఉంది, లేస్తూ దిగుతూ. ఆమె నన్ను చూసి, నోటి మీద వేలు పెట్టింది.

నెల చివర డాక్టర్ మిషనులో పాప మాస్కు వాడిన గంటలు చూసి, గొంతు జోలికి పోనక్కర్లేదన్నాడు. నూరా మాస్కు తనే తగిలించుకుని ఆయన్ని ఖర్జూరాల ధర అడిగింది. ఆయనేదో చెప్పాడు. "ఎక్కువ" అంది నూరా.