సద్దులు తగిలించిన బొమ్మ

మా ఆయన బొమ్మలు చేస్తాడు. కళ్ళూ ముక్కూ ఉన్నవి కావు. ఇనుప గొట్టాలు వంచి అతికించి నిలబెడతాడు. ఏమిటని అడిగితే చూడమంటాడు. ఒకసారి అతికించింది ఎవరు చెప్పినా మార్చడు. నేను చెబితే అసలే మార్చడు.

నలుగురు తిరిగే చోట ఆయన బొమ్మ ఉన్నది ఒక్కటే, నాగర్‌కర్నూల్‌లో ఒక సర్కారు ఆఫీసు ముందర. అడుగున ఒకటే గొట్టం, పైకి పోయేకొద్దీ పాయలుగా చీలుతుంది. కృష్ణా నది కాలువలై పొలాలకు పోతున్నదన్నమాట.

నిరుడు ఎండాకాలం అక్కడి పెద్దసారు కబురు పంపాడు. కార్లకు జాగా చాలడం లేదట, బొమ్మను వెనక గోడకు జరుపుతారట, ఎట్లా విప్పాలో వచ్చి చూపించమన్నాడు. వెనక గోడ దగ్గర విరిగిన కుర్చీలు పారేస్తారు. వనపర్తి నుంచి బస్సులో ఆయన నోరు విప్పలేదు. ఆయన మాట్లాడకపోతే నాకు హాయి. ఆ రోజు మాత్రం భయమేసింది.

అది అర్జీలు తీసుకునే సోమవారం. పోయి చూస్తే బొమ్మ నిండా సద్దిమూటలు, టిఫిన్ డబ్బాలు. చీమలు పట్టకుండా, కుక్కలు ముట్టకుండా చేలో సద్దిని కొమ్మకు తగిలిస్తారు కదా. ఆ ఆవరణలో చెట్టు లేదు, ఇదుంది.

"కృష్ణమ్మను చిలక్కొయ్య చేసిన్రు" అన్నాడు మా ఆయన. ముఖం మాడిపోయింది.

పనివాళ్ళు బోల్టులు విప్పే పానాలు పట్టుకుని వచ్చి మూటలు తీసుకోమన్నారు. కోడేరు నుంచి వచ్చిన ఒక ముసలామె కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

"దీన్ని తీస్తే మా సద్దులు యాడ తగిలియ్యాలె? సారును రమ్మను, అడుగుత."

మిగతావాళ్ళూ లేవలేదు. ఒకరి అన్నం మూట అడగకుండా దించడానికి పనివాళ్ళకు చేతులు రాలేదు. మధ్యాహ్నం సారు బయటికి వచ్చి, చూసి, అక్కడే ఉండనీయండని లోపలికి పోయాడు.

"నువ్వు గూడ అర్జీకొచ్చినవా కొడుకా?" ముసలామె మా ఆయనను అడిగింది.

"లేదవ్వా. దీన్ని నేనే చేసిన."

ఆమె తలెత్తి చాలాసేపు చూసింది. ఇక ఈయన కృష్ణ కాలువల కథ మొదలుపెడతాడనుకున్నాను.

"జర ఎత్తెక్కువైంది కొడుకా. నాకు అందుత లేదు, పొడుగోళ్ళను బతిమాలాలె."

ఆయన బొమ్మ దగ్గరికి పోయాడు. ఏ మూటో అడిగి, దించి ఆమె చేతికిచ్చాడు.

తిరుగు బస్సులో సగం దారి దాటాక అన్నాడు, "కింద ఇంకో పాయ అతికిస్త."

నాకు సంతోషమైంది. కొంచెం కుళ్ళు కూడా.